మూడు కాళ్ళ పంది

కిల్చావె
జూలై 29

అక్కకి,

ప్రాణాలతో చేరాను. ఆ మాట ముందే రాసేశాను కనక మిగతాది నింపాదిగా చదువుకో. బస్సు రెండుచోట్ల ఆగిపోయింది. రెండోసారి డ్రైవరు దిగి, చక్రాన్ని కాలితో ఒక్క తన్ను తన్ని మళ్ళీ ఎక్కాడు. తన్నితే బాగుపడుతుందా అని అడుగుదామనుకున్నాను. పడదంటాడేమోనని అడగలేదు.

వంటింట్లో గ్యాసు కట్టేశానో లేదో గుర్తు రావడం లేదు. ఈ ఉత్తరం అందగానే వెళ్ళి చూడు. ఉత్తరం నీ చేతికి అందిందంటే ఇల్లు నిలిచి ఉన్నట్టే కదా అని ఇప్పుడే తోచింది. అయినా చూడు.

నువ్వు నేర్పినట్టే చెప్పాను. పేరు ఎర్సీలియా, ఊరు తాల్కా, నలభై ఏళ్ళు బట్టలు కుట్టి విసుగొచ్చి దేశం చూద్దామని బయల్దేరాను, తోవలో ఇక్కడ నల్లకుండల పని నేర్పుతారని విని ఆగాను అని. ఒక్క గుక్కలో అప్పజెప్పాను. నేర్పే ఆవిడ పేరు దోన్యా ఫ్రేసియా. నాకంటే పదేళ్ళు చిన్నది, అరవై దాటి ఉంటుంది. మనిషి సన్నం, గొంతు లావు. అంతా విని, "మీ ఊళ్ళో ఎవరైనా ఈ చలికాలంలో దేశం చూడ్డానికి బయల్దేరుతారా అక్కా?" అంది. వేసవిలో నాకు కాళ్ళు వాస్తాయన్నాను. అది మాత్రం నిజమే.

మూడు రోజులు నిమ్మరసంలో నానబెట్టినా నా గోళ్ళ సందుల్లో మన మట్టి ఎరుపు పోలేదు. అన్నం బల్ల దగ్గర ఉన్ని చేతిజోళ్ళు తొడుక్కుని కూర్చుంటున్నాను. వాటితోనే సూప్ తాగుతున్నాను. కీళ్ళనొప్పులని చెప్పాను.

మేం ముగ్గురం నేర్చుకునేవాళ్ళం. ఒక పొడుగాటి జర్మనీ పిల్ల, ఏం చెప్పినా పుస్తకంలో రాసుకుంటుంది. రెండోవాడు దోన్ అన్సెల్మో, రైల్లో టికెట్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు, పెళ్ళాం పోయింది. ఆయన చేతిలో మట్టి పడితే మట్టిమీద జాలేస్తుంది. ఇక్కడ సారె అన్నదే లేదు అక్కా. ముద్ద తీసుకుని బొటనవేలితో గుంట చేసి, అంచుమీద మట్టితాళ్ళు పేర్చుకుంటూ పోవడమే. మొదటిరోజు చిన్న మూకుడు చెయ్యమంది. ఎలా తప్పు చెయ్యాలా అని ఆలోచించుకునేలోపే గుండ్రటి మూకుడు నా అరచేతిలో కూర్చుని ఉంది. మోచేత్తో కింద పడేశాను. ఆవిడ అయ్యో అని తీసి తిప్పి చూసి, మొదటిసారికే ఇలా ఎవరికీ రాదంది. రొట్టెపిండి పిసికిన చెయ్యి అన్నాను. "దర్జీవన్నావుగా" అంది. "దర్జీలు రొట్టె తినరా?" అన్నాను. ఆ మాట నా నోట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చిందో, అప్పట్నుంచి చెమట్లు పడుతూనే ఉన్నాయి.

సాన్ హువాన్ పండుగనాడు నువ్వా మూడో గ్లాసు చీచా తాగకుండా ఉండాల్సింది. మన ఎర్రమట్టితోనే నల్లకూజా చేసి సెప్టెంబరు పద్దెనిమిది జాతీయ పండుగకి బల్లమీద పెడతానని, మనలాగే కుండలమ్మే పక్కింటి నోల్ఫా ముందు అనకుండా ఉండాల్సింది. పెట్టలేకపోతే చర్చి గుమ్మం పక్క మూల తనదని అది అంటే, సరేనని చెయ్యి కలపకుండా ఉండాల్సింది. చర్చి గంటలు కొట్టే దోన్ బెలార్మినో సాక్షి కూడాను. అమ్మ కూర్చున్న మూల అది. ఆ నాలుగు రోజుల పండుగలో అమ్మినదే మనకి ఏడాది తిండి. బస్టాండు వైపుకి తోసేస్తే మన బల్ల దగ్గరికి కుక్క కూడా రాదు. అదంతా తలుచుకుంటేనే నేనీ దొంగపనికి వచ్చాను, లేకపోతే ఈపాటికి ఇంట్లో పందులకి చెవులు అతికిస్తూ ఉండేదాన్ని.

గ్యాసు చూడు.

ఎర్సీలియా


లోమా రోహా
ఆగస్టు 6

ఎర్సీలియా,

గ్యాసు కట్టేసే ఉంది. నువ్వు వెళ్ళినరోజే చూశాను, నువ్వు అడుగుతావని తెలిసి.

పొరపాటున కూడా ఫోను చెయ్యకు. ఊళ్ళో ఉన్న ఒక్క ఫోనూ నోల్ఫా కొట్లోనే ఉందని మర్చిపోతావేమో. రిసీవరు మన చేతికిచ్చి అది పక్కకి వెళ్ళినట్టే వెళుతుంది, చెవి మాత్రం అక్కడే వదిలి వెళుతుంది. ఆలస్యమైనా ఉత్తరాలే రాయి.

నువ్వు తాల్కాలో మన చుట్టాలపిల్ల మిరేయాకి ఊపిరితిత్తుల జబ్బు చేస్తే సేవ చెయ్యడానికి వెళ్ళావని ఊరంతా చెప్పాను. బాగా అతికింది. కొంచెం ఎక్కువగానే అతికింది. ఆదివారం ఫాదర్ గారు మిరేయా కోసం ప్రార్థన చేయించారు. నోల్ఫా తేనె సీసా పట్టుకొచ్చి, ఏ ఊపిరితిత్తి అని అడిగింది. ఎడమది అన్నాను. నువ్వూ ఎడమదే అను.

పేపర్లో ఆ పెద్దకుండ పక్కన నా బొమ్మ పడకపోతే నేనే వెళ్ళేదాన్ని, నీ చేత ఈ పని చేయించేదాన్ని కాదు. నా మొహం చూస్తే అక్కడ గుమ్మంలోకి కూడా రానివ్వరు. నీ మొహం ఎవరికీ గుర్తుండదు, అదే మనకి కలిసొచ్చింది. కోపం తెచ్చుకోకు.

ఇంక పనికొచ్చే మాట విను. మూకుళ్ళు గుండ్రంగా చెయ్యడానికి నిన్ను పంపలేదు. చెడగొట్టడం నేర్చుకో. పక్కన ఆ రైలు పెద్దమనిషి ఉన్నాడుగా, వాణ్ణి చూసి చెయ్యి. అసలు సంగతి ఒక్కటే, నలుపు. వాళ్ళు మసి పూస్తారని మామయ్య అనేవాడు. మసి అయితే కడిగితే పోవాలి కదా, వాళ్ళది పోదు. అదేమిటో కనుక్కుని రాయి. పద్దెనిమిది ఎంతో దూరంలో లేదు.

చెప్పడం మర్చిపోయాను, నీ మంచం మీద ఇప్పుడు పిల్లి పడుకుంటోంది.

ఉబెర్లిండా


కిల్చావె
ఆగస్టు 16

అక్కకి,

పిల్లి పడుకుంటే పడుకోనీ, బొగ్గుల కుంపటి మాత్రం తలుపులు మూసి గదిలో పెట్టుకోకు. పొగకి ఊపిరాడక పోయినవాళ్ళ సంగతి ఇక్కడ కూడా ఒకటి చెప్పారు.

నలుపు సంగతి తెలిసింది. తెలుసుకోవడం ఏమిటి, పిలిచి చూపించింది. మనం ఇన్నేళ్ళూ రహస్యం రహస్యం అని చెవులు కొరుక్కున్నది ఈవిడ జర్మనీ పిల్లకి ఫొటో తీసుకోమని పక్కకి జరిగి మరీ చూపించింది.

పచ్చిది సగం ఆరాక ఏటిరాయి తడిపి రుద్దుతారు, అద్దంలా అయ్యేదాకా. ఎండాక కోడికొవ్వు రాస్తారు. పాత గ్రామఫోను సూదితో పువ్వులూ ఆకులూ గీస్తారు. పొయ్యి పైన వేలాడదీసి రెండురోజులు పొగకి వెచ్చబెడతారు. అప్పుడు పిడకల మంటలో పెట్టి ఎర్రగా కాలుస్తారు. ఇప్పుడు వినక్కా. అది నిప్పులా మెరుస్తుండగానే పొడుగాటి కర్రతో బయటికి లాగి, గుర్రపు లద్దెలో, గడ్డిలో పూడ్చేస్తారు. కాసేపటికి తీస్తే నల్లగా ఉంటుంది. మసి కాదు, లోపలిదాకా నలుపు. చివర్న ఆ గీతల్లో తెల్లమట్టి రుద్దుతారు. అంతే. ఆ కర్రకి దారివ్వడానికి నేను వెనక్కి వెనక్కి నడిచి కోళ్ళగూట్లో కూర్చున్నాను గాని, చూడాల్సిందంతా చూశాను.

చెడగొట్టడం బాగానే వచ్చింది. దోన్ అన్సెల్మో కుండ ఎటు వాలితే నాదీ అటే వాలుస్తున్నాను. కాని ఒక తప్పు చేశాను. మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచాక ఆయన కూజా బల్లమీద మెడ వాల్చి ఉంది. చూడలేకపోయాను అక్కా. ఒక్క నిమిషం, మెడ నిలబెట్టి అంచు సవరించాను. ఆయన వచ్చి చూసుకుని, సాయంత్రం టీ దగ్గర ఒకటే సంబరం. రాత్రంతా ఆరితే ఎలా ఉంటుందో అనుకున్నాను, మధ్యాహ్నానికే సర్దుకుంది, నా చేతిలో ఏదో ఉంది అంటాడు. నాకు లోంగనీసా సాసేజి ముక్క పెద్దది చూసి వడ్డించాడు. ఇంకెప్పుడూ ముట్టుకోనని ఒట్టేసుకున్నాను. నిన్న మళ్ళీ ముట్టుకున్నాను.

పంది సంగతి ఒకటి జరిగింది. ఏం లేదులే, తర్వాత రాస్తాను. నువ్వు ముందు మన మట్టితో చేసి చూడు. కనుబొమలు జాగ్రత్త.

ఎర్సీలియా


లోమా రోహా
ఆగస్టు 27

ఎర్సీలియా,

కనుబొమలు జాగ్రత్త అని రాశావు. ఇప్పుడు ఒకటే మిగిలింది.

ఏడు కూజాలు చేశాను. నువ్వు చెప్పినట్టు రాయితో రుద్దాను, కొవ్వు రాశాను, పెరట్లో పిడకలు పేర్చి కాల్చాను. మొదటిది కర్రతో లాగి లద్దెలో పెట్టగానే టపాకాయలా పేలింది. రెండోది కర్ర మీదే పేలింది, కనుబొమ దానితోనే పోయింది. అయిదోదానికి కోళ్ళు గోడ దూకి పారిపోయాయి, అప్పట్నుంచి గుడ్డు లేదు. ఏడోది కాసేపు ఊరుకుంది. నేను నవ్వుదామనుకునేలోపు నిట్టనిలువునా రెండు చెక్కలైంది. చెక్కలు మాత్రం నల్లగా ఉన్నాయి, ఆ సంతోషం ఒకటి.

ఆ చప్పుళ్ళకి నోల్ఫా గోడ మీంచి తొంగి చూసి, "ఏంటొదినా, పద్దెనిమిది ముందే వచ్చేసిందా?" అంది. మాంసం కాలుస్తున్నానన్నాను. ఇంకేం అడగలేదు. గోడకి గడ్డం ఆనించి పెంకుల్ని చూసి నవ్వింది, అంతే. అది ఏదైనా అడగకుండా ఊరుకోవడం ఎప్పుడైనా చూశావా? ఆ నవ్వు నాకు నచ్చలేదు.

వాళ్ళు మట్టిలో ఏం కలుపుతారో కనుక్కో. కాని చేతికొచ్చిందల్లా కలపడానికి లేదు, బయటి మట్టి చిటికెడు కూడా చేరకూడదని పందెంలోనే అనుకున్నాం.

పద్దెనిమిది దాటేదాకా అక్కడే ఉండు. నువ్వు వస్తే నీ మొహం చూసి ఫాదర్ గారి గాడిద కూడా సంగతంతా చెప్పేస్తుంది.

ఇంతకీ పంది సంగతేమిటి? నువ్వు ఏం లేదులే అన్నావంటే చాలా ఉందన్నమాట. చిన్నప్పట్నుంచీ ఎరుగుదును.

ఉబెర్లిండా


కిల్చావె
సెప్టెంబరు 5

అక్కకి,

కూర్చుని చదువు. వెన్ను ఆనుకునే కుర్చీలో కూర్చో.

దొరికిపోయాను. మూడువారాలు కావస్తోంది. నువ్వు బెంగపడతావని రాయలేదు. బెంగపడేది నువ్వు కాదు, నేనే కనక నీకు రాస్తే నా బెంగ ఇంకా పెరుగుతుందని రాయలేదు.

మూడోవారం మమ్మల్ని ఎవరికి నచ్చిన జంతువుని వాళ్ళని చెయ్యమంది. జర్మనీ పిల్ల పిల్లిని చేసింది. దోన్ అన్సెల్మో కోడిపెట్ట అన్నాడు, చూస్తే బూటులా ఉంది. నేను పావురం చేద్దామని మొదలుపెట్టాను. ఈలోగా నీ కుంపటి గుర్తొచ్చింది. తలుపు మూసుకుంటావో, కిటికీ అయినా తీస్తావో లేదో అని ఆలోచిస్తూ ఎటో చూస్తూ ఉన్నాను. వేళ్ళ దారిన వేళ్ళు పనిచేసుకుపోయాయి. కిందికి చూసేసరికి బల్లమీద పంది. లావాటి పొట్ట, మెలితిరిగిన తోక, ముందు ఒక కాలు, వెనక రెండు. ఆరేళ్ళ వయసునుంచి ఏడాదికి ఎన్ని వందలు చేశామో నీకు తెలుసు, అదృష్టానికి ఇంట్లో పెట్టుకోవాలని కొనుక్కుపోతారు, నాలుగో కాలు పెట్టాలన్న ఆలోచన కూడా రాదు మనకి. ప్రపంచంలో మన ఊరివాళ్ళు తప్ప ఇంకెవరైనా పందికి మూడు కాళ్ళు పెడతారా?

దోన్యా ఫ్రేసియా దాన్ని అరచేతిలో పెట్టుకుని నింపాదిగా కాళ్ళు లెక్కపెట్టింది.

"ఇది ఎక్కడి పందక్కా?"

"తాల్కాదే."

"తాల్కాలో పందులకి మూడు కాళ్ళా?"

"మా పక్కింటివాళ్ళది. బండి కింద పడింది."

"దర్జీవి కదా, నాలుగోది కుట్టకపోయావా?"

ఏడ్చేశాను అక్కా. జేబులోంచి చేతిజోళ్ళు తీసి వాటితోనే మొహం తుడుచుకున్నాను. దోన్ అన్సెల్మో, ఆ పంది మీద అంత ప్రేమా అని నన్ను ఓదార్చాడు.

తర్వాత ఆవిడ నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి మాతే టీ పెట్టి ఇచ్చింది. మొదటిరోజు మూకుడు చూసినప్పుడే తెలుసునంది. బట్టలు కుట్టేవాళ్ళ చెయ్యి మట్టిని చిటికెలో పట్టుకుంటుంది, మన చెయ్యి గుప్పిట్లో పట్టుకుంటుందట. మరి ఎందుకు ఊరుకున్నావంటే, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళని నేనెప్పుడూ సిగ్గుపరచను, పైగా నీ అబద్ధాలు వినడానికి బావున్నాయి అంది. అక్కడితో ఆగలేదు. మీ ఊరినుంచి నువ్వు మొదటిదానివి కాదు అంది.

నిరుడు ఒకామె వచ్చిందట. కురికోలో పంతులమ్మనని చెప్పుకుందట. లోపల కూడా నల్లకళ్ళద్దాలు తియ్యదు. గడ్డం మీద పుట్టుమచ్చ. టీలో నాలుగు చెంచాల పంచదార. పని చేస్తున్నంతసేపూ పళ్ళ సందులోంచి సన్నగా కూనిరాగం. నాకు అప్పుడే ఎవరో తెలిసిపోయింది. ఆరువారాలు ఉండి, సొంత మట్టి తెచ్చుకుని దాన్ని నల్లగా కాలుద్దామని చూసిందట. పదకొండు పగిలాయట. మన మట్టి మెత్తన, సారె మీద తిరగడానికి పుట్టింది, ఎర్రగా ఉండగా గాలి తగిలితే తట్టుకోలేదు. వాళ్ళ మట్టికి పుట్టుకతోనే ఇసుక ఉంది. ఏటి ఇసుక కలిపి కూడా చూసిందట ఆమె, ఫలితం లేదు. ఆ మట్టి తెచ్చుకున్న సంచీ ఇక్కడే వదిలేసి వెళ్ళింది. దోన్యా ఫ్రేసియా అందులో కోళ్ళకి గింజలు పోసి పెట్టింది. చూపించింది. దానిమీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉంది, నోల్ఫా కిరాణా, లోమా రోహా అని.

అర్థమైందా అక్కా? అది మన మట్టి నల్లబడదని తెలిసే పందెం కాసింది. నువ్వు చెయ్యి కలిపినప్పటికే ఓడిపోయి ఉన్నావు.

ఇంకొక మాట. నన్ను తిట్టు, కాని ఉత్తరం చించకు. దోన్యా ఫ్రేసియా జాలిపడి, తను చేసిన నల్లకూజా ఒకటి కాగితం చుట్టి నాకిచ్చింది, మీ అక్క చేసిందని చెప్పుకోండి అని. మంచం కింద పెట్టుకున్నాను. రెండురోజులు ఆ మంచం ఎక్కబుద్ధి కాలేదు. తీసుకెళ్ళి ఇచ్చేశాను. నెలన్నరగా నోరు తెరిస్తే అబద్ధమే ఆడుతున్నదాన్ని, ఆ ఒక్కటి మాత్రం ఎందుకు చెయ్యలేకపోయానో నాకే తెలియదు. ఆవిడ చేతిపని నీ చేతిపని అనడం నా వల్ల కాలేదు.

ఓడిపోయానని ముందే చెప్పెయ్యి అక్కా. బస్టాండు దగ్గర నీడగా ఉంటుందని చెప్పుకుందాం.

ఎర్సీలియా


లోమా రోహా
సెప్టెంబరు 23

ఎర్సీలియా,

కూజా తిరిగి ఇచ్చేశావని చదివినప్పుడు నిన్ను తిట్టిన తిట్లు పిల్లి విని మంచం దిగి వెళ్ళిపోయింది. పద్దెనిమిది తర్వాత ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను. ఎందుకో చెబుతాను.

ఓడిపోయానని చెప్పడం నాకు చేతకాదని నీకు తెలుసు. ఇంట్లో ఉన్న ఎర్రకూజాని కుంపటి దగ్గర వెచ్చబెట్టి, నాన్న బూట్ల బ్రష్షుతో రెండు డబ్బాల నల్ల పాలిష్ ఎక్కించాను. మూడురోజులు రుద్దాను. దూరంనుంచి చూస్తే బిషప్ గారు కూడా మోసపోతాడు. వాసన తెలియకుండా మెడలో తులసి కొమ్మలు దూర్చాను. పద్దెనిమిది ఉదయం మన మూలలో, తెల్లగుడ్డ మీద పెట్టి కూర్చున్నాను.

నోల్ఫా దోన్ బెలార్మినోని వెంటబెట్టుకుని వచ్చింది. జనం చేరారు. అది కూజా చుట్టూ తిరిగింది, ముక్కు పెట్టింది, బొటనవేలు రుద్ది వేలు ఎత్తి అందరికీ చూపించింది. నల్లగా అంటుకుంది. చెప్పుల పాలిష్ అంది. అందరూ నవ్వారు. అక్కడితో ఆగుంటే పని అయిపోయేది. కాని దాని సంగతి నాకు తెలుసు కదా, తెలిసింది చెప్పకుండా ఇంటికి వెళ్ళలేదు. నేను చేతులు కట్టుకుని, పాలిష్ పైపైన మెరుపుకే రాశాను, లోపల నలుపు నలుపే, మన మట్టి ఎంతకైనా తట్టుకుంటుంది, పుట్టినప్పట్నుంచి ఉప్పూ పప్పూ తూచే నీకు మట్టి సంగతేం తెలుసు అన్నాను. అదీ ఏడేళ్ళప్పట్నుంచి కుండలు చేస్తోంది, ఆ మాట దానికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"నాకు తెలియదా? మన మట్టి ఎర్రగా ఉండగా తీసి గుర్రపు లద్దెలో పెడితే పగిలిపోతుంది. ఏటి ఇసుక కలిపినా పగిలిపోతుంది. పదకొండు సార్లు నా కళ్ళతో చూశాను" అంది.

దోన్ బెలార్మినో మాంసం ఎంపనాదా నముల్తూ, "ఎక్కడ చూశావమ్మా?" అన్నాడు.

దాని మొహం చూడాల్సింది నువ్వు. కోళ్ళ గింజల సంచీ సంగతి నా నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. చెబితే నాకెలా తెలిసిందంటారు కదా. అదే చెప్పేసింది అంతా, కళ్ళద్దాలతో సహా. చెప్పేసి నా వైపు వేలు చూపించి, మరి దీని చెల్లెలు తాల్కాలో ఉందనుకుంటున్నారా, అదీ అక్కడే ఉంది, కావాలంటే ప్రమాణం చేస్తాను అంది. అయిపోయింది అనుకున్నాను. అప్పుడు రొట్టెల కొట్టు రమిల్దా పకపకా నవ్వింది. "ఎర్సీలియానా? మా కొట్టుకి రావడానికి రోడ్డు దాటించమని నా చెయ్యి పట్టుకుంటుంది. అది కిల్చావె వెళ్ళిందట" అంది. ఇంక చూసుకో, గిటారు వాయించేవాడు కూడా వాయించడం ఆపి నవ్వాడు. నీ పిరికితనం మీద ఊరికి ఎంత నమ్మకమో ఆరోజే తెలిసింది నాకు.

దోన్ బెలార్మినో చర్చి మెట్టుమీద కూర్చుని ఎంపనాదా పూర్తిచేసి, చేతులు తుడుచుకుని తీర్పు చెప్పాడు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఒకామె కుండకి చెప్పుల పాలిష్ రాసింది. ఇంకొకామె గెలుస్తానని ముందే తెలిసి పందెం కాసింది. ఈ వ్యవహారంలో మోసం చెయ్యని మనిషి ఒక్కతే, జబ్బుమనిషికి సేవ చేసుకుంటూ తాల్కాలో ఉంది. ఆ మూల ఆమెది. ఆమె ఎవర్ని కూర్చోమంటే వాళ్ళు కూర్చుంటారు."

జనం చప్పట్లు కొట్టారు. ఫాదర్ గారు వచ్చి ఆ మూలని దీవించారు. నాలుగు రోజుల పండుగా ఆ మూలలో నీ పేరున ఒక ఖాళీ కుర్చీ వేసి, దానిమీద పూలు పెట్టారు. బిందె పట్టుకెళ్ళే ప్రతి ఆడదీ దాని ముందు ఆగి మిరేయా కోసం శిలువ గుర్తు వేసుకుంది. నేనూ నోల్ఫా బస్టాండు దగ్గర పక్కపక్కన కూర్చున్నాం. రెండురోజులు మాట్లాడుకోలేదు. మూడోరోజు వాన పడితే దాని గొడుగు కిందికి నేను జరిగాను. నీడగా ఉంటుందని రాశావు, లేదు. అమ్మకాలు అంతంతమాత్రం, పందులే గట్టెక్కించాయి. కాని వచ్చే ఏడాదికీ, ప్రతి ఆదివారానికీ మూల మన ఇంట్లోనే ఉంది.

నీ చేతిలో ఉంది. నాకు చోటిస్తావా ఇవ్వవా అన్నది నువ్వు చెప్పాలట. ఇస్తావు కదా?

ఆ నల్లకూజా వచ్చి ఉంటే నేనది పెట్టేదాన్ని, నోల్ఫా గోటితో గీరి చూసి మన మట్టి కాదని తేల్చి, తన గుట్టు బయటపెట్టకుండానే గెలిచేది. అందుకే తిట్లు వెనక్కి తీసుకున్నాను.

ఉబెర్లిండా


కిల్చావె
సెప్టెంబరు 30

అక్కకి,

ఉత్తరం చదివి పడుకున్నాను. లేచి మళ్ళీ చదివాను. దోన్యా ఫ్రేసియాకి చదివి వినిపిస్తే కూజా మూత పగలగొట్టుకుంది నవ్వి నవ్వి. నాకు నవ్వు రావడం లేదు. మోసం చెయ్యని మనిషి అట. పూలట. ఆ కుర్చీలో నేనెలా కూర్చోను?

ఇక్కడి ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళి అంతా ఒప్పుకున్నాను. జాలీ తెర వెనక చాలాసేపు దగ్గాడు. దగ్గేనని అనుకుంటున్నాను. మూల వద్దని చెబితే ఏమవుతుందని అడిగాడు. మా అక్క జైలుకి వెళ్ళదు గాని బస్టాండుకి వెళుతుందన్నాను. అయితే తీసుకో, కాని పంచుకో అన్నాడు.

కాబట్టి నువ్వు కుడివైపు కూర్చో. నోల్ఫా ఎడమవైపు కూర్చుంటుంది. అరవకు. దాన్ని బస్టాండు దగ్గర ఒంటరిగా కూర్చోబెడితే ఏం చేస్తుంది, ఆలోచిస్తుంది. ఆలోచిస్తే బస్సెక్కి ఇక్కడికి వచ్చి ఫ్రేసియాని అడుగుతుంది. నా పక్కనే ఉంటే నాకు కనిపిస్తూ ఉంటుంది. మధ్యలో నేను, వెన్ను ఆనుకునే కుర్చీలో. స్టూలు నీకు.

దోన్ అన్సెల్మోకి కూడా నిజం చెప్పేశాను, కూజా మెడ సంగతితో సహా. ఒక రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు వచ్చి, అయితే మెడ ఎలా నిలబెట్టాలో ఇప్పుడు దొంగతనంగా కాకుండా చూపించు అన్నాడు. శనివారం ఆయనదీ నాదీ ఒకే బస్సు. చక్రం ఆగితే ఎవరో ఒకరు తోడు ఉంటారని, అంతకంటే ఇంకేం లేదు.

నేను తిన్నగా ఇంటికి రావడం లేదు. తాల్కాలో దిగుతున్నాను. మిరేయా ఇంట్లో ఒక వారం ఉంటాను, సూప్ కాచి పెడతాను, రాత్రి లేచి దుప్పటి కప్పుతాను. సేవ చేశానన్న మాట అప్పుడు నిజమవుతుంది, ఆ తర్వాత ఎవరడిగినా కళ్ళలోకి చూసి చెప్పగలను. ఎద్దులా ఉన్నానని ఆ పిల్ల నిరుడు రాసింది. నేను వెళ్ళేసరికి దేవుడి దయవల్ల దానికి కొంచెం జలుబైనా చేస్తే బావుండును.

ఎర్సీలియా